స్కాట్లండు గడ్డపై పోలండు బిడ్డలు

స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమునకు దక్షిణముగా ఎడిల్‌స్టన్ అను చిన్న గ్రామము కలదు. అచ్చటి బారనీ కోట తోటలో ఒక విచిత్రమైన పటము నేలపై పరచబడి యున్నది. అది కాగితముపై గీచిన పటము కాదు. కాంక్రీటుతో పోసిన పటము. దాని పొడవు 50 మీటర్లు, వెడల్పు 40 మీటర్లు. స్కాట్లండులోని కొండలు, లోయలు, సరస్సులు, దీవులు అన్నియు అందు కలవు. కొండలు కంటికి ఆనునట్లు వాని ఎత్తును ఐదింతలు పెంచి పోసిరి. చుట్టును త్రవ్వి నీరు నింపిన కందకమే సముద్రము. ఇంత శ్రమపడి స్కాట్లండు రూపమును ఆ నేలపై నిలిపినవారు స్కాట్లండువారు కారు, పోలండువారు.

ఆ పటమును పోయించినవాడు యాన్ తోమాషిక్ అను మాజీ సైనికుడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పోలిష్ సేనతో ఆ దేశమునకు వచ్చి, అచ్చటి పడతినే పెండ్లాడి, క్రమముగా హోటళ్ల యజమానియై బారనీ కోటను కొనెను. 1974 మొదలు 1979 వరకు ఆ పని సాగెను. పోలండులోని క్రాకొ నగరపు విశ్వవిద్యాలయమునుండి కాజిమీర్ త్రాఫాస్ అను భూగోళ శాస్త్రజ్ఞుడు తన శిష్యులతో వచ్చి కొలతలు సరిచూచెను. తమకు నీడనిచ్చిన దేశమునకు ఇది మా కానుక యని తోమాషిక్ భావము. ఆయన తరువాత ఆ పటము పాచిపట్టి, ముండ్లపొదలలో మునిగి, చాలకాలము ఎవరికిని పట్టక పడియుండెను. 2010లో కొందరు స్థానికులు సంఘముగా చేరి దానిని శుభ్రపరచి, పగుళ్లు పూడ్చి, మరల నీరు పారించిరి. 2018లో దానికి పునఃప్రారంభము జరిగెను. ఇచ్చినవారు ఒకరు, కాపాడినవారు మరియొకరు. ఈ రెండు జాతుల కథ యంతయు ఇట్టిదే.

మేము చరిత్రకారులము కాము. మెట్రిక్యులేషను చదివి, గుమాస్తాగా పనిచేసి, విశ్రాంతి పొందినవారము. మా తాతగారు మగ్గముల పనికై తెలంగాణమునుండి షోలాపురము వచ్చి అచ్చటనే నిలిచిపోయిరి. ఇట్టి మాకు పోలండుతో ఏమి పనియని చదువరులు అడుగవచ్చును. దానికి కారణము కొల్హాపురమున కలదు. ఆ సంగతి దాని చోట విన్నవించెదము.

ఈ బాంధవ్యము 1940లో ఆరంభమైనదని పలువురు తలంతురు. నిజమునకు అది నాలుగువందల యేండ్ల నాటిది. పదునారు, పదునేడవ శతాబ్దములలో స్కాట్లండు బీద దేశము. భూమి చాలక, తిండి చాలక, అచ్చటి యువకులు బాల్టిక్ సముద్రము దాటి పోలండు చేరి, వీపున మూటలు మోసికొని ఊరూర తిరిగి సూదులు, కత్తెరలు, గుడ్డలు అమ్మిరి. అందుచేత ఆ దేశపు భాషలో స్కాట్లండువాడను మాటకే మూటవర్తకుడను అర్థము కూడ ఏర్పడెను. విలియం లిత్‌గో అను స్కాట్లండు యాత్రికుడు, పోలండులో తనవారి కుటుంబములు ముప్పదివేలు కలవని వ్రాసెను. యాత్రికులు లెక్కలు కొంత పెంచి వ్రాయుట కద్దు గనుక ఆ సంఖ్యను మేము అట్లే నమ్ముట లేదు. అయినను గ్డాన్స్క్ రేవు ప్రక్కన వారి పేరిట ఒక పేటయే వెలసినదనిన, వారు కొద్దిమంది కారని తెలియుచున్నది.

మూటలు మోసినవారి సంతతి పెద్ద వర్తకులైరి. అలెగ్జాండర్ చామర్స్ అను నతడు వార్సా నగరమునకు నాలుగు పర్యాయములు నగరాధ్యక్షుడయ్యెను. పోలండువారి నోట ఆయన పేరు చామెర్‌గా మారిపోయెను. పరభాషల నడుమ బ్రతుకు మన కుటుంబములకు ఇది వింత కాదు. మా ఇంటిపేరు కూడ కచేరీ కాగితములలో మూడు విధములుగా కలదు. రాబర్ట్ గోర్డన్ అను వర్తకుడు గ్డాన్స్క్‌లో గడించిన ధనమును తన స్వస్థలమగు అబర్డీనుకు వ్రాసి యిచ్చి, బీదబాలుర విద్యకై సంస్థ నెలకొల్పించెను. ఆ పేరిట అచ్చట నేటికిని విద్యాలయములు కలవు. స్కాట్లండు జానపదులు పాడుకొను రాకుమారుడు చార్లెస్ ఎడ్వర్డ్ తల్లి పోలండు రాజగు యాన్ సోబియెస్కీ మనుమరాలు. సియెంకియెవిచ్ అను పోలిష్ నవలాకారుని కథలో కెట్లింగ్ అను స్కాట్లండు వీరుడు కలడు. ఆ నవల చదివి పెరిగిన పోలిష్ బాలునికి స్కాట్లండు పేరు క్రొత్తది కాదు.

ఇక యుద్ధకాలము. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పడమరనుండియు, 17న రష్యా తూర్పునుండియు పోలండుపై బడెను. ఓడిన సైనికులు హంగరీ, రుమానియా దేశములమీదుగా ఫ్రాన్సు చేరి మరల సేనగా కూడిరి. 1940 జూనులో ఫ్రాన్సును కూలెను. అప్పుడు వారిలో దాదాపు ఇరువదివేల మంది ఓడలెక్కి బ్రిటను చేరిరి. ప్రధాని సికోర్‌స్కీ సేనాని చర్చిలుతో ఒడంబడిక చేసికొనగా, ఆ సేనను స్కాట్లండుకు పంపిరి. మొదట బిగర్, డగ్లస్ మొదలగు ఊళ్ల వెలుపల డేరాలలో నుండిరి. శరత్కాలము వచ్చుసరికి వారికి తూర్పుతీరపు కాపలా అప్పగింపబడెను. నార్వేనుండి జర్మనులు సముద్రము దాటి దిగుదురేమో యను భయము ఆ దినములలో మెండు. ఫైఫ్, ఆంగస్ జిల్లాల ఇసుకతీరములలో ట్యాంకులను అడ్డగించుటకు ఆ సైనికులు పోసిన కాంక్రీటు దిమ్మలు నేటికిని వరుసగా నిలిచియున్నవి. కొన్నింటిపై, కాంక్రీటు పచ్చిగా నుండగా పోలిష్ చేతులు గీచిన అక్షరములును కలవు.

ఊరివారు వారినెట్లు చూచిరి? స్కాట్లండులో అధికులు ప్రొటెస్టంటు మతస్థులు, వచ్చినవారు కథోలికులు. భాష తెలియదు. ఆచారములు వేరు. స్త్రీ ఎదురైన వంగి ఆమె చేతిని ముద్దిడుట పోలండు మర్యాద. మితభాషులగు స్కాట్లండు పురుషులకు అది వింతగాను, స్త్రీలకు వింతయైనను ముచ్చటగాను తోచెనట. ఇండ్లలో గదులిచ్చిరి, ఆదివారము భోజనమునకు పిలిచిరి, ఇంగ్లీషు నేర్పిరి. సైనికులు తమ భాషలో పత్రికలు అచ్చువేసికొనిరి, నృత్యగానములు ప్రదర్శించిరి. సెయింట్ ఆండ్రూస్ పట్టణపు పురభవనము గోడపై రంగురాళ్ల చిత్రము ఒకటి కలదు. ఆ పట్టణము చూపిన ఆదరణకు కృతజ్ఞతగా పోలిష్ సైనికులు దానిని సమర్పించిరి. పెండ్లిండ్లు కూడ మెండుగా జరిగెను. అల్లుడైన పిదప పరాయివాడనుటకు నోరాడునా?

1941 మార్చి 13, 14 తేదీల రాత్రులు క్లైడ్‌బ్యాంక్ అను ఓడల పట్టణముపై జర్మను విమానములు బాంబులు కురిపించెను. ఐదువందలకు పైగా జనులు చచ్చిరి. చెక్కుచెదరని ఇండ్లను వ్రేళ్లపై లెక్కింపవలసిన గతి పట్టెను. ఆ సమయమున అచ్చటి ఓడలపనిలో పియోరున్ అను పోలిష్ యుద్ధనౌక మరమ్మతులకై నిలిచియుండెను. పియోరున్ అనగా పిడుగు. దాని నావికులు ఓడపై ఫిరంగులను ఆకాశమునకు గురిపెట్టి కాల్చిరి. ఆ పట్టణమున 1994లో వారికి స్మారకము నిలిపిరి. యాబదిమూడేండ్ల పిదపనైనను జ్ఞాపకముంచుకొన్న ఆ కార్మికుల పట్టణమును మెచ్చవలసినదే.

మాకన్నిటికంటె గొప్పగా తోచినది వేరొకటి. పోలండులో జర్మనులు విశ్వవిద్యాలయములను మూసివేసి, ఆచార్యులను చెరసాలలకు పంపుచున్న దినములలో, 1941 మార్చి 22న ఎడింబరో విశ్వవిద్యాలయములో పోలిష్ వైద్యకళాశాల తెరువబడెను. సేనలో వైద్యవిద్యార్థులు పలువురు కలరు; సగము చదువులో యుద్ధమునకు వచ్చినవారు. ఎడింబరో ఆచార్యుడు ఫ్రాన్సిస్ క్రూ, పోలిష్ ఆచార్యుడు అంతోనీ యురాష్ మొదలగువారు పూనుకొని ఆ కార్యము సాధించిరి. పోలిష్ ఆచార్యులు, స్కాట్లండు ఆచార్యులు కలిసి పాఠములు చెప్పిరి. పట్టము పోలిష్ పట్టమే. దానిని ఎడింబరో విశ్వవిద్యాలయము తన పట్టమువలె గౌరవించెను. 1949లో మూతపడువరకు 336 మంది అచ్చట చేరిరి, 227 మంది వైద్యులై వెడలిరి. ఆశ్రయము కోరివచ్చినవానికి అన్నము పెట్టుట అంత కష్టము కాదు. వాని భాషకు తమ విద్యాలయములో పీట వేయుట, అదియు బాంబులు పడుచున్న కాలమున, మాటలా?

స్కాట్లండులోనే పోలిష్ పారాచూట్ దళమును తయారయ్యెను. సోసాబోవ్‌స్కీ అను సేనాని ఫైఫ్‌లోని లార్గో గ్రామమువద్ద చెట్లకు త్రాళ్లు కట్టించి, గోపురము లేపించి, వారిని దూకించి నేర్పెను. కొసాత్‌స్కీ అను పోలిష్ ఇంజనీరు భూమిలో పాతిన మందుపాతరలను కనుగొను యంత్రమును 1941లో స్కాట్లండులోనే రూపొందించెను. 1942లో ఈజిప్టు ఎడారిలో అల్ అలమీన్ యుద్ధమునకు అట్టి యంత్రములు పనికివచ్చెను. దానిపై ఆయన ఒక పెన్నీ కూడ లాభము గోరలేదు.

సేనాని స్టానిస్లావ్ మాచెక్ గురించి కొంత విస్తరించి వ్రాయవలెను. 1892లో జన్మించిన ఈయన 1942లో స్కాట్లండులో పోలిష్ మొదటి కవచదళమునకు అధిపతి యయ్యెను. రెండేండ్లు ఆ కొండలలో ట్యాంకులు నడపి నేర్చినవారు 1944 ఆగస్టులో నార్మండీ చేరిరి. ఫలేజ్ వద్ద చుట్టుముట్టబడిన జర్మను సేన తప్పించుకొను దారిని ఒక గుట్టపై నిలిచి, తిండియు గుండ్లును కరవైనను విడువక మూసిరి. అక్టోబరు 29న హాలెండులోని బ్రేడా పట్టణమును విడిపించిరి. ఊరు నాశనము కాకుండ యుక్తిగా పట్టుటచే బ్రేడావారికి వారిపై ఎనలేని ప్రేమ కలిగెను. 1945 మేలో జర్మను నౌకాకేంద్రమగు విల్‌హెల్మ్స్‌హావెన్ వారికి లొంగెను.

గెలిచినవారికి దక్కినదేమి? 1945 ఫిబ్రవరిలో యాల్టాలో ముగ్గురు పెద్దలు కూర్చుండి పోలండు తూర్పుభాగమును రష్యాకు విడిచిరి. ఆ సైనికులలో అనేకుల ఇండ్లు ఆ భాగముననే కలవు. జూలైలో బ్రిటిష్ ప్రభుత్వము వారి పరదేశ ప్రభుత్వమునకు గుర్తింపు తీసివేసెను. 1946 జూన్ 8న లండనులో జరిగిన విజయోత్సవపు ఊరేగింపునకు మొదట 25 మంది పోలిష్ వైమానికులను మాత్రమే పిలిచిరి. తమ పదాతులను, నావికులను విడిచి తాము నడువమని వారు వెళ్లలేదు. ఆ సంవత్సరమే క్రొత్త పోలిష్ ప్రభుత్వము మాచెక్ పౌరసత్వమును రద్దుచేసెను. బ్రిటను ఆయనకు సేనాని పింఛను ఇయ్యలేదు. అంతటి సేనాని ఎడింబరోలో ఒక హోటలు పానశాలలో గ్లాసులు నింపు పనిచేసెను. ఆ హోటలు యజమాని పూర్వము ఆయన క్రింద పనిచేసిన సైనికుడే, మేము పైన చెప్పిన తోమాషిక్. సేవకుడు యజమానియై, యజమాని సేవకుడైనను, ఇరువురికిని మైత్రి చెడలేదు. మాచెక్ 102 యేండ్లు బ్రతికి 1994లో ఎడింబరోలో కన్నుమూసెను. తన సైనికుల నడుమనే బ్రేడాలో ఆయనను ఖననము చేసిరి. 2018లో ఎడింబరో పురభవన ప్రాంగణమున ఆయన కంచువిగ్రహము నిలిచినది. బల్లపై కూర్చున్నట్లున్న ఆ విగ్రహము ప్రక్కన ఎవరైనను కూర్చుండవచ్చును.

ప్రభుత్వముల కృతఘ్నతను మేము దాచము. ప్రజల తప్పును దాచము. యుద్ధము ముగిసిన పిదప స్కాట్లండులోను పోలండువారిపై గొణుగుడు లేచెను. మా పనులు తీసికొనుచున్నారు, మా ఇండ్లు నింపుచున్నారు, మతము వేరు, ఇక పొమ్మని సభలు జరిగెను. నిన్నటివరకు మా రక్షకులన్నవారే నేడు మీ ఊరెప్పుడు పోదురని అడిగిరి. ఈ ప్రశ్న ఎట్లు వినబడునో పొరుగుసీమలో కాపురమున్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1947లో పార్లమెంటు వారి స్థిరనివాసమునకు చట్టము చేసెను. అంతట వారు గనులలో, పొలములలో, ఉత్తరకొండలలోని జలవిద్యుత్ ఆనకట్టల పనిలో చేరిపోయిరి. భార్యలు స్కాట్లండువారు గనుక పిల్లల ఇంటిభాష ఇంగ్లీషు అయినది. పోలిష్ సంఘములు శనివారపు బడులు పెట్టి పిల్లలకు తమ అక్షరములు దిద్దించినవి. కొందరు నేర్చిరి, కొందరు తండ్రిపేరు మాత్రము మోసిరి.

2004లో పోలండు యూరోపియన్ యూనియనులో చేరిన పిదప క్రొత్తతరమువారు వేలకొలది మరల స్కాట్లండు చేరిరి. 2011 జనాభా లెక్కలలో దాదాపు 54 వేలమంది తమ ఇంట పోలిష్ మాటాడుదుమని వ్రాయించిరి.

ఇక ఎలుగుబంటి సంగతి. తూర్పు పోలండునుండి 1940, 41లలో రష్యావారు లక్షలకొలది జనమును సైబీరియా, కజకిస్తాను ప్రాంతములకు తరలించిరి. 1941 జూలై ఒడంబడికతో వారు విడుదలయైరి. మరుసటి సంవత్సరము లక్షకు పైబడి జనులు, సైనికులును కుటుంబములును, కాస్పియన్ సముద్రము దాటి ఇరాను చేరిరి. అచ్చట దారిలో ఒక బాలునివద్ద తల్లిలేని ఎలుగుబంటి పిల్లను సైనికులు కొనిరి. వోయ్‌టెక్ అని పేరు పెట్టి, పాలుపోసి పెంచిరి. ఈజిప్టునుండి ఇటలీకి ఓడపై జంతువులను ఎక్కింపరాదనగా, దాని పేరును సైనికుల పట్టీలో వ్రాసి సిపాయిగా ఎక్కించిరి. మేము ఏండ్లతరబడి హాజరుపట్టీలు వ్రాసినవారము. నిబంధన చెడకుండ ఎలుగుబంటిని పట్టీలో నెక్కించిన ఆ గుమాస్తా ఎవరోగాని, ఆయనకు నమస్కరింపవలసినదే. 1944లో మాంటె కసీనో యుద్ధమున అది ఫిరంగిగుండ్ల పెట్టెలు మోసెనని ఆ సైనికులు చెప్పిరి. వారి దళపు చిహ్నము గుండు మోయుచున్న ఎలుగుబంటియే. ఆ కొండలపైననే కొన్ని నెలల ముందు మన నాలుగవ ఇండియన్ డివిజను నెత్తురోడ్చెను. బెంగుళూరు కేంద్రముగా గల మద్రాసు సాపర్ల దళములును అందు కలవు.

1946లో ఆ దళము స్కాట్లండు చేరెను. బెరిక్ ప్రాంతపు శిబిరములో వోయ్‌టెక్ ఊరి పిల్లలకు నేస్తమయ్యెను. 1947 నవంబరులో దానిని ఎడింబరో జంతుశాలకు అప్పగించిరి. పిదప వేర్వేరు పనులలో చేరిన పాతసైనికులు చూడవచ్చినపుడు, పోలిష్ మాట చెవిని బడగానే అది లేచి వచ్చెడిదట. 1963 డిసెంబరులో మరణించెను. ఎడింబరోలో ప్రిన్సెస్ వీథి తోటలో 2015లో దాని విగ్రహము నిలిపిరి.

ఇరాను దారిలో పురుషులు యుద్ధమునకు పోగా, స్త్రీలు, పిల్లలు ఏమైరి? కొందరు మన దేశమునకు వచ్చిరి. జామ్‌నగర్ సంస్థానాధీశుడు దిగ్విజయసింహుడు 1942లో బాలాచడిలో అనాథ బాలబాలికలకు నెలవు కల్పించెను. 1943లో కొల్హాపురమునకు చేరువనున్న వళివడే గ్రామమువద్ద పెద్ద శిబిరము వెలసెను. దాదాపు ఐదువేలమంది, అధికులు స్త్రీలు, పిల్లలు, అచ్చట ఐదేండ్లు కాపురముండిరి. బడులు, గుడి, సినిమా, అంగడి అన్నియు వారికి కలవు. యుద్ధము ముగిసి శిబిరము మూతపడినపుడు వారిలో అనేకులు, తమ భర్తలు, తండ్రులు, అన్నదమ్ములు సైన్యముతో చేరియున్న బ్రిటనుకే ఓడలెక్కిరి. కొల్హాపురపు ఎండలో పెరిగిన పిల్లలు ఆ చలిదేశమున తండ్రులను కలిసికొనిరి.

కొల్హాపురములోని మహావీర ఉద్యానమున వారి జ్ఞాపకార్థము ఒక స్తంభము కలదు. ఆ ఊరి శ్మశానవాటికలో వారి సమాధులును కలవు. మేము ఉద్యోగములో నుండగా పనిమీద కొల్హాపురము పలుమారు వెళ్లియు ఆ స్తంభమును చూడలేదు. విశ్రాంతి పొందిన పిదప, మహాలక్ష్మీ దర్శనమునకై మనుమనితో వెళ్లినపుడు చూచితిమి. వాడు ఇది ఎవరు కట్టిరని మరాఠీలో అడిగెను. మేము తెలుగులో చెప్పితిమి: దూరదేశమువారు, పాపము, ఇల్లు పోయి ఇచ్చటికి వచ్చి తలదాచుకొనిరి. వాడు మరల మరాఠీలోనే, తరువాత ఇంటికి వెళ్లిరా యని అడిగెను. కొందరు స్కాట్లండు పోయిరంటిమి. అది వారి ఊరేనా యనెను. తెలుగులో అడుగుము, చెప్పెదమంటిమి. వాడు కొంచెముసేపు ఆలోచించి, మాటలు కూడబలుకుకొని అడిగెను. అప్పటికి బస్సువేళ అయినది. మిగిలిన కథ దారి పొడవున చెప్పితిమి.